రౌండాఫ్ వేసి ఆగిపోతున్న పాప

నమస్తే అమ్మా. మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. పాపకు 10 ఏళ్లు, నాలుగేళ్లుగా జిమ్నాస్టిక్స్‌కు వెళ్తోంది. ఫ్లోర్ మీద రౌండాఫ్ (పరుగెత్తి చేతుల మీదుగా పక్కకు తిరిగి రెండు కాళ్లూ కలిపి దిగడం), దాని వెంటనే బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ (వెనక్కి పడి చేతుల మీదుగా తిరిగి కాళ్ల మీదకు రావడం) ఎనిమిది నెలల పాటు బాగా వేసింది. వేసవిలో నెలన్నర అమ్మమ్మగారి ఊళ్లో ఉండి వచ్చింది. వచ్చిన రెండో వారంలో ఒకరోజు మోచేతులు మడతపడి తల మ్యాట్‌కు కొట్టుకుంది. డాక్టర్ చూసి ఏమీ లేదన్నారు. అప్పటి నుంచి పరుగెత్తుతుంది, రౌండాఫ్ వేస్తుంది, అక్కడే బిగుసుకుపోయి నిలబడిపోతుంది. రెండు నెలలుగా ఇదే వరస. సార్ కోప్పడుతున్నారు. ఒక్కసారి వేస్తే సైకిల్ కొంటానని వాళ్ల నాన్న అన్నారు. ప్రాక్టీస్ ఉన్న రోజు పొద్దున్నే పాప కడుపునొప్పి అంటోంది. బలవంతం చేయాలా, మాన్పించాలా అని మీరు అడిగారు. డిసెంబర్‌లో జిల్లా పోటీ కూడా ఉందన్నారు.

రెండూ వద్దు. నేను హైదరాబాద్‌లో 22 ఏళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను, అంతకుముందు నేనూ ఆడినదాన్నే. ఇలా ఆగిపోయే పిల్లలు ఏడాదికి ఇద్దరు ముగ్గురు కనిపిస్తూనే ఉంటారు. ఎక్కువగా బాగా వేసే పిల్లలే ఆగుతారు. మొదటి నుంచీ అంతంతమాత్రంగా వేసే పిల్లలకు ఈ బాధ తక్కువ, ఎందుకో నాకూ ఆశ్చర్యమే.

మిగతాదంతా చెప్పేముందు ఒక్క పని. రేపటి క్లాసు నుంచి ఆ పరుగెత్తి వెళ్లి ఆగడం మాన్పించండి. పూర్తిగా. లెక్క వేయండి. క్లాసుకు 15 సార్లు పరుగెత్తింది అనుకుందాం. వారానికి నాలుగు రోజులు, ఎనిమిది వారాలు. 480 సార్లు. పాప 480 సార్లు బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ వేయలేకపోయిందని మీరు అనుకుంటున్నారు. నేను చూసేది వేరు. పాప 480 సార్లు ఆగడం ప్రాక్టీస్ చేసింది. రౌండాఫ్ తర్వాత ఆగడం ఇప్పుడు తన ఒంటికి అలవాటైన స్కిల్. పరుగు మొదలుపెట్టగానే గుండె దడ పెరుగుతుంది, ఆగిన క్షణంలో ‘అమ్మయ్య’ అనిపిస్తుంది. ఆ అమ్మయ్య చాలా తియ్యగా ఉంటుంది. అందుకే తర్వాతి సారి ఇంకాస్త ముందే ఆగుతుంది. కొన్నాళ్లకు రౌండాఫ్ కూడా పోతుంది, ఆ తర్వాత పరుగు కూడా పోతుంది. ‘ఇంకొక్కసారి ట్రై చెయ్యి’ అని లైన్‌లో నిలబెట్టే ప్రతి సారీ దాన్నే గట్టిపరుస్తున్నాం.

ఇక అసలు ఎందుకు ఆగింది అన్నది. మీరు తల తగలడం వల్ల అన్నారు. నేను ఇంకొంచెం వెనక్కి వెళ్తాను. తల ఎందుకు తగిలింది?

మా తరం కోచ్‌లు బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్‌ను ఫ్లిక్ అనే అంటాం, నేనూ అలాగే రాస్తాను. ఫ్లిక్ పైకి ఎగిరే పని కాదు, వెనక్కి పడే పని. వెనక కుర్చీ ఉందనుకుని కూర్చోబోతుంటే ఎవరో ఆ కుర్చీ లాగేసినట్టు ఉండాలి. బరువు మడమల మీదకు రావాలి, మోకాళ్లు కాలివేళ్లను దాటి ముందుకు రాకూడదు. అలా పడిపోతున్న క్షణంలో కాళ్లతో గట్టిగా తన్ని, చేతులు చెవుల పక్కన పెట్టుకుని పొడవుగా వెనక్కి వెళ్లాలి. చేతులు నేల మీద పడేటప్పుడు మోచేతులు తిన్నగా, భుజాలు చెవుల దాకా పైకి నెట్టి ఉండాలి. అలా ఉంటే నేల మనల్ని తిరిగి తోస్తుంది. మోచేయి మడిస్తే ఆ బరువంతా తల మీదకు వస్తుంది.

రౌండాఫ్ నుంచి వేసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. రౌండాఫ్ చివర ఛాతీ పైకి లేచి, పాదాలు నడుముకు కాస్త ముందుగా దిగాలి, అప్పుడే శరీరం వెనక్కి వాలి ఉంటుంది. ఛాతీ కిందికే ఉండిపోయి, పాదాలు వెనకే పడిపోతే బరువు ముందుకు ఉంటుంది. అప్పుడు వెనక్కి పోవడానికి దారి లేక పిల్లలు నిట్టనిలువుగా పైకి ఎగురుతారు. పైకి ఎగిరిన ఫ్లిక్ పొట్టిగా ఉంటుంది, నెత్తి మీదకు దిగుతుంది. బయటి నుంచి చూసే తల్లిదండ్రులకు ‘అబ్బ, ఎంత ఎత్తుకు ఎగిరింది’ అనిపిస్తుంది. మాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోతాయి.

ఇప్పుడు వేసవి సంగతికి రండి. నెలన్నర ప్రాక్టీస్ లేదు. పదేళ్ల పాప. మీ ఇంట్లో గోడ మీద ఎత్తు గీతలు పెట్టే అలవాటు ఉంటే చూడండి, మార్చికీ ఇప్పటికీ ఎంత తేడా ఉందో. యూనిఫాం గౌను పొట్టిదైందా అన్నది చూసినా చాలు. ఈ వయసులో చేతులూ కాళ్లూ ఒక్కసారిగా సాగుతాయి, వాటిని మోసే బలం వెనకాల నెమ్మదిగా వస్తుంది. ఏప్రిల్‌లో తన ఒంటికి తెలిసిన లెక్క జూన్‌లో తప్పింది. ఆటో నడిపే అలవాటున్నవాడికి ఒక్కసారిగా లారీ ఇచ్చి అదే సందులో తిప్పమన్నట్టు. భుజాల్లో బలం తగ్గి ఉంది, ఒళ్లు పెరిగి ఉంది, వచ్చిన రెండో వారంలోనే పాత స్కిల్ నేరుగా వేయించారు. మోచేతులు తట్టుకోలేదు.

అంటే పాప భయం తప్పు భయం కాదు. ‘నా చేతులు నన్ను మోయలేదు’ అని తన ఒళ్లు తనకు చెప్పింది, అది నిజమే చెప్పింది. దాన్ని మొండితనం అంటే పాపకు ఒళ్లు మండదా చెప్పండి.

వెనక్కి వేసే వాటికి భయం ఎక్కువ ఉండటానికి ఇంకో మామూలు కారణం ఉంది. ముందుకు వేసే హ్యాండ్‌స్ప్రింగ్‌లో చేతులు ఎక్కడ పెడుతున్నామో కనిపిస్తుంది. ఫ్లిక్‌లో నేల కనిపించేది ఆఖరి క్షణంలో. అంతవరకూ నమ్మకం మీదే వెళ్లాలి. ఆ నమ్మకం ఒక్కసారి చెదిరితే ‘ఏం కాదు, వెయ్యి’ అనే మాటతో తిరిగి రాదు. మీ పాప ముందుకు వేసేవన్నీ ఇప్పటికీ వేస్తోందని రాశారు కదా, అది మంచి సంగతి. వాటిని ఆపకండి. రోజూ క్లాసులో తను బాగా చేసేవి కొన్ని ఉండాలి, లేకపోతే జిమ్ అంటేనే ఏడుపు వస్తుంది.

అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ సంగతి మీరూ వినే ఉంటారు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో టీమ్ ఫైనల్ రోజున వాల్ట్ (పరుగెత్తి దూకే బల్ల) మీద రెండున్నర ట్విస్టులు (గాల్లో ఒళ్లు మెలితిప్పే చుట్లు) వేయాల్సింది, గాల్లో దారి తప్పి ఒకటిన్నరకే దిగింది. అప్పటికే ప్రపంచంలో ఆమెను మించినవాళ్లు లేరు. వాళ్ల భాషలో దాన్ని ట్విస్టీస్ అంటారు, తిరుగుతున్నప్పుడు తానెక్కడున్నదీ తెలియకపోవడం. మీ పాపది అదే అనను. పాపకు గాల్లో దారి తప్పడం లేదు, అసలు గాల్లోకే వెళ్లడం లేదు. కానీ నాకు నచ్చేది ఆమె తర్వాత చేసిన పని. మెత్తటి మ్యాట్లు, ఫోమ్ ఉన్న జుంటెండో యూనివర్సిటీ జిమ్‌కు వెళ్లి ప్రయత్నించింది. ట్విస్ట్ రావడం లేదని తేలాక, బీమ్ ఫైనల్‌కు (సన్నటి దూలం మీద చేసేది) ట్విస్ట్ లేని డిస్మౌంట్, అంటే చివర కిందికి దూకడం, పెట్టుకుంది. దాంతోనే కంచు పతకం తెచ్చుకుంది. 2023లో మళ్లీ ప్రపంచ ఆల్‌రౌండ్ టైటిల్, 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు. అంత పెద్ద క్రీడాకారిణి కూడా తన ఒళ్లు ఒప్పుకునే మెట్టు దగ్గరికి దిగింది. పదేళ్ల పిల్లను మనం దిగనివ్వం.

ఆ మెట్టు ఎక్కడుందో వెతకడమే మొదటి రెండు వారాల పని. సార్‌తో కూర్చుని చేయాల్సింది ఇదే, కొంచెం వివరంగా రాస్తాను.

పాపను అడిగేది ‘భయమా’ అని కాదు. దానికి పిల్లలు ఎలాగూ లేదనే అంటారు. ‘ఇప్పుడు, ఈ నిమిషంలో, ఆలోచించకుండా ఏది వేయగలవు?’ అని అడగాలి. బ్రిడ్జి, అంటే వెనక్కి విల్లులా వంగి, అక్కడి నుంచి వెనక్కి కాళ్లు తిప్పడం? వేస్తాను. బ్యాక్ వాకోవర్, అంటే వెనక్కి వంగి చేతులు ఆనించి ఒక్కో కాలూ తిప్పుకుంటూ లేవడం? వేస్తాను. పెద్ద ఫోమ్ బ్యారెల్ (పీపాలా ఉండే మెత్తటి దిమ్మ) మీదుగా వెనక్కి దొర్లి చేతుల మీద నిలబడటం? ఊఁ, వేస్తాను. ఏటవాలు మ్యాట్ మీద సార్ రెండు చేతులతో పట్టుకుంటే ఫ్లిక్? ఇక్కడ ఒక క్షణం ఆగి, మింగి, ‘వేస్తాను మేడమ్’ అంటుంది. ఆ మింగడం చూడాలి. మెట్టు దానికి ఒకటి కింద ఉంది. అంటే బ్యారెల్ దగ్గర. అక్కడ మొదలుపెట్టాలి, అక్కడ విసుగొచ్చేదాకా ఉండాలి. పిల్ల ‘మేడమ్, ఇది ఈజీ, తర్వాతది ఇవ్వండి’ అని తనే అడగాలి. నేను అడిగేదాకా ఇవ్వను. అడిగినా ఒక్కోసారి ‘రేపు’ అంటాను. ఆ ఆకలితో ఇంటికి పంపడం నాకు బాగా పనిచేసింది.

ఆ తర్వాత వరస దాదాపు ఇలా నడుస్తుంది. బ్యారెల్ మీద బాగా కుదిరాక ఏటవాలు మ్యాట్ మీద పై నుంచి కిందికి, నిలబడి వేసే ఫ్లిక్, కోచ్ ఒక చెయ్యి నడుము కింద, ఇంకో చెయ్యి తొడ వెనక పెట్టి పూర్తిగా మోస్తూ. రెండు చేతుల నుంచి ఒక చేతికి. ఒక చేతి నుంచి వీపుకు రెండు వేళ్లు తాకించడానికి. తర్వాత తాకకుండా పక్కన నిలబడటం. తర్వాత ఒక అడుగు దూరం, మూడు అడుగుల దూరం. చాలామంది కోచ్‌లు తొందరపడేది ఇక్కడే. రెండు చేతులతో పట్టుకున్నవాళ్లు నేరుగా ‘ఇక నువ్వే’ అని పక్కకు జరుగుతారు. ఇంకా ఘోరం, పట్టుకుంటానని చెప్పి ఆఖరి క్షణంలో చేతులు తీసేస్తారు, ‘చూశావా, నువ్వే వేశావు’ అని నవ్వుతారు. కొందరు పిల్లల దగ్గర అది పనిచేస్తుంది. నా దృష్టిలో మాత్రం అది మోసం. పాప మళ్లీ ఆ చేతుల్ని నమ్మదు. సార్ ఇలా ఎప్పుడైనా చేశారేమో పాపను మెల్లగా అడగండి. చేసి ఉంటే అదొక పెద్ద ముడి, ముందు దాన్నే విప్పాలి.

మ్యాట్లతో కూడా ఇదే. మెత్తటి మందపాటి మ్యాట్ మీద మొదలుపెట్టి, దాన్ని తీసి పల్చటివి నాలుగు పేర్చి, వారానికి ఒకటి తగ్గించడం. ఒక పాప దగ్గర ఆఖరి మ్యాట్ తీయడానికి నాకు ఐదు వారాలు పట్టింది. అంగుళం మందం కూడా ఉండదు, దానివల్ల దెబ్బ తగ్గేదేమీ లేదు, కానీ ఆ పిల్లకు అది కావాలి. ఉంచాను. ఒకరోజు ఎవరో దాన్ని బీమ్ కిందికి లాక్కెళ్తే ఆ పిల్ల గమనించకుండానే ఫ్లోర్ మీద వేసేసింది, వేశాక కిందకి చూసి తనే కెవ్వుమంది.

రౌండాఫ్‌ను దీనికి జత చేసేది చాలా ఆలస్యంగా. అప్పటిదాకా రౌండాఫ్‌ను విడిగా, వెనక మందపాటి మ్యాట్ నిలబెట్టి, దిగి వెనక్కి వీపుతో దాని మీద పడేలా చేయించాలి. పాదాలు ముందుకు, ఛాతీ పైకి. ఇది కుదిరితే పైకి ఎగిరే జబ్బు సగం పోతుంది. పాప రౌండాఫ్ చివర ఆగిపోయే అలవాటుకు కూడా ఇదే మందు, ఎందుకంటే ఇక్కడ రౌండాఫ్ తర్వాత ఏదో ఒకటి వెనక్కి జరుగుతుంది. ఆగడం అనేది ఉండదు.

మరి మీ అకాడమీలో ఫోమ్ పిట్ (ఫోమ్ ముక్కలు నింపిన గుంత), టంబ్లింగ్ ట్రాక్ (పైకి ఎగరేసే పొడవాటి పట్టీ) ఉన్నాయో లేవో మీరు రాయలేదు. లేకపోయినా కంగారు వద్దు. మన దగ్గర చాలా జిమ్‌లలో లేవు, పాత పరుపులు కట్టకట్టి బ్యారెల్‌గా వాడినవాళ్లం మేము. పాత స్కూటర్ భాగాలతో కట్టిన వాల్ట్ మీద దీపా కర్మాకర్ మొదలుపెట్టిందని చెబుతారు కదా, ఆమే 2016 రియోలో ప్రొడునోవా అనే కష్టమైన వాల్ట్ వేసి 0.150 పాయింట్ల తేడాతో కంచు పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కంచు తెచ్చింది. సామాను కంటే పట్టుకునే చేతులు ముఖ్యం. ట్రాంపోలిన్ ఉంటే మంచిదే, కాకపోతే ఒకసారికి ఒక్క పిల్లే ఎక్కాలి, పక్కన కోచ్ ఉండాలి.

దీనికి తోడు బలం. ఇది పాపకు ఇంట్లో చేసుకోదగ్గ పని. గోడకు ఛాతీ ఆనించి హ్యాండ్‌స్టాండ్‌లో 30 సెకన్లు నిలబడటం, అలాగే నిలబడి భుజాలను పైకీ కిందికీ 10 సార్లు నెట్టడం. మోచేతులు మడవకూడదు. నేల మీద పుషప్స్, వెల్లకిలా పడుకుని కాళ్లూ భుజాలూ లేపి పడవలా ఉండటం. రోజుకు పావుగంట, వారానికి నాలుగు రోజులు చాలు. చేతులు తనను మోస్తాయని పాపకు తెలియాలి, మనం చెబితే కాదు, గోడ దగ్గర తనకే తెలియాలి. మణికట్టు నొప్పి అంటే మాత్రం ఆపి డాక్టర్‌కు చూపించండి. ఈ వయసులో ఎముక చివర్లు ఇంకా పెరుగుతుంటాయి, ఆ నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు. నడుము నొప్పి కూడా అంతే. నొప్పిని పైకి చెప్పలేక ‘భయం’ అనే పిల్లలు ఉన్నారు. తల తగిలిన తర్వాత కొన్నాళ్ల పాటు తలనొప్పి, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, చదువు మీద ధ్యాస కుదరకపోవడం లాంటివి ఏమైనా ఉన్నాయేమో గుర్తు చేసుకోండి. ఉండి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు ఇప్పుడైనా చెప్పండి.

ఇంట్లో చేయకూడనిది కూడా ఉంది. ఫ్లిక్. మంచం మీద గానీ, డాబా మీద పరుపు వేసి గానీ, నాన్న పట్టుకుంటే గానీ. యూట్యూబ్ చూసి పట్టుకోవడం నేర్చుకున్న నాన్నలు ఇద్దరు నాకు తెలుసు, ఒకాయన మూతి పగిలింది, ఇంకొకాయన కూతురి మెడ పట్టేసింది. దేవుడి దయవల్ల అంతటితో పోయింది.

ఇప్పుడు సైకిల్. మీవారిని తప్పుపట్టడం లేదు, ప్రేమతోనే అన్నారు. కానీ పాప వైపు నుంచి చూడండి. ఇప్పుడు రౌండాఫ్ చివర ఒక్క భయమే కాదు, ఒక సైకిల్ కూడా నిలబడి ఉంది. ఆగిన ప్రతిసారీ ఫ్లిక్‌తో పాటు సైకిలూ పోతోంది. ఇంకోటి, నాన్న సైకిల్ పెట్టేంత పెద్ద విషయం అంటే ఇది నిజంగానే భయపడాల్సిందే కాబోలు అని పిల్లకు అనిపిస్తుంది. ఏం చేయాలంటారా? కొనిచ్చేయండి. ఫ్లిక్‌తో సంబంధం లేకుండా, దసరాకో పుట్టినరోజుకో. ‘అది ఫ్లిక్ కోసం కాదమ్మా, నీకోసం’ అని ఆయనే తన నోటితో చెప్పాలి.

ఇంటికి తీసుకొచ్చేటప్పుడు బండి మీద ఏం మాట్లాడతారు మీరు? ‘ఇవాళ వేశావా?’ అనేనా? దాదాపు అందరూ అదే అడుగుతారు. నేనూ మా అబ్బాయిని ఈత దగ్గర అదే అడిగేదాన్ని, కోచ్‌నై ఉండి కూడా. ఆ ప్రశ్న మానేయండి. జిమ్ గురించే మాట్లాడకపోయినా పర్లేదు. ఆకలేస్తోందా, ఏం తింటావు, అంతే. తనే ఎత్తితే వినండి. ‘భయమేసిందమ్మా’ అంటే ‘దానికి భయమేంటి’ అనొద్దు, ‘ఎక్కడేసింది, పరుగులోనా, రౌండాఫ్ దిగాకనా?’ అని అడగండి. ఎక్కడ అన్నది చెప్పడం మొదలుపెడితే భయానికి ఒక చోటు దొరుకుతుంది. ఒళ్లంతా నిండిన భయం కంటే రౌండాఫ్ తర్వాత అర సెకను భయం చిన్నది. ప్రాక్టీస్ చూడటానికి రోజూ లోపల కూర్చుంటారా? కొన్నాళ్లు బయట కూర్చోండి. పిల్లలు ఆగిన వెంటనే మొదట చూసేది అమ్మ మొహమే.

ఆ కడుపునొప్పి నటన కాదు, నిజంగానే వస్తుంది. ఫ్లిక్ అడగరని పాపకు గట్టిగా తెలిసిన వారం నుంచి దానంతటదే తగ్గాలి. తగ్గకపోతే విషయం ఫ్లిక్‌ది కాకపోవచ్చు. అప్పుడు ఇంకో రెండు సంగతులు చూడండి. ఒకటి, పాప భయపడేది స్కిల్‌కా, మనిషికా? అరుపులు, అందరి ముందు ఎగతాళి, చెయ్యి చేసుకోవడం, తాకడంలో ఏదైనా తేడా. ఒంటరిగా ఉన్నప్పుడు, రాత్రి పడుకునే ముందు, తొందర లేకుండా అడగండి. అలాంటిది ఏ కొంచెం ఉన్నా నేను పైన రాసినదంతా పక్కన పెట్టి ముందు పాపను అక్కడి నుంచి తీసుకొచ్చేయండి. రెండోది, ఒంట్లో మార్పులు. పదేళ్లకే మొదలయ్యే పిల్లలున్నారు, లియోటార్డ్‌లో (కాళ్లు కప్పని బిగుతు డ్రస్సు) కాళ్లు ఎత్తడానికి సిగ్గుపడి స్కిల్స్ ఆపేసినవాళ్లను చూశాను, ఇంట్లో ఎవరికీ చెప్పరు. ప్రాక్టీస్‌కు పైన షార్ట్స్ వేసుకోనివ్వండి. టోక్యోలో జర్మనీ అమ్మాయిలు మడమల దాకా ఉండే యూనిటార్డ్‌లే వేసుకుని ఆడారు, నియమాలు ఒప్పుకుంటాయి.

సార్‌తో మాట్లాడటం గురించి. మన దగ్గర గురువుకు చెప్పడం అంటే ఎదురు చెప్పడమే అనుకుంటారు, మీ సంకోచం అర్థమవుతుంది. క్లాసు మధ్యలో, ఇతర పేరెంట్స్ ముందు వద్దు. ఫోన్‌లో మెసేజ్ కూడా వద్దు, అపార్థాలు వస్తాయి. క్లాసయ్యాక పది నిమిషాలు అడగండి. ‘సార్, వేసవిలో బాగా పొడుగైంది, బలం తగ్గినట్టుంది. ఒక నెల ఫ్లిక్ ఆపి బేసిక్స్ నుంచి మళ్లీ చేయిస్తారా? పోటీ గురించి మాకు తొందర లేదు’ అనండి. ఆ చివరి మాట ముఖ్యం. చాలాసార్లు కోచ్ అరిచేది పిల్ల మీద కోపంతో కాదు, ఫీజు కట్టే తల్లిదండ్రులు ఫలితం అడుగుతారన్న టెన్షన్‌తో. మీరు ఆ బరువు దించితే ఆయనా మారొచ్చు. నెల తర్వాత కూడా అదే అరుపులైతే జిమ్ మార్చడం గురించి ఆలోచించండి.

అరవడం గురించి నాకు మాట్లాడే అర్హత ఉంది, ఎందుకంటే నేనూ అరిచాను. కోచింగ్‌కు వచ్చిన మూడో ఏడు. 11 ఏళ్ల పిల్ల, బీమ్ మీద ఫ్లిక్ దగ్గర ఆగిపోయింది. మూడు వారాలు రోజూ అందర్నీ ఇంటికి పంపేసి, వేసేదాకా దిగొద్దని బీమ్ మీదే నిలబెట్టాను. ఒకరోజు గంటా ఇరవై నిమిషాలు నిలబడింది. ఏడవలేదు, దిగలేదు, వేయలేదు. మర్నాడు రాలేదు. మళ్లీ రాలేదు. వాళ్లమ్మ వచ్చి షూస్, గ్రిప్స్ తీసుకెళ్లింది, నన్నొక్క మాట అనలేదు. ఆ పిల్లలో ఉన్నంత ఓర్పు నేను ఆ తర్వాత ఎవరిలోనూ చూడలేదు. గంటా ఇరవై నిమిషాలు నాలుగంగుళాల కొయ్య మీద. దాన్ని నేను మొండితనం అన్నాను.

ఎంత కాలం పడుతుందని అడిగారు. మూడు వారాల్లో తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు, ఏడాది పట్టినవాళ్లూ ఉన్నారు. వచ్చాక మధ్యలో ఒకరోజు మళ్లీ ఆగుతుంది, అది ఖాయం. పరీక్షలప్పుడో, జ్వరం తగ్గాకో, కొత్త జిమ్‌లోనో. అప్పుడు గాభరా పడకండి, ఆ రోజుకు రెండు మెట్లు దిగి, అక్కడ బాగా వేయించి ఇంటికి పంపమనండి. ఒక పిల్ల మాత్రం ఫ్లోర్ మీద వెనక్కి వెళ్లడం మళ్లీ మొదలుపెట్టనే లేదు. ముందుకు వేసేవాటితోనే రొటీన్ కట్టాం. వాల్ట్, బార్స్ బాగా చేసేది, ఇంటర్ దాకా ఆడింది. ఇప్పుడు తను చిన్నపిల్లలకు నేర్పుతోంది, బ్యారెల్ దగ్గర నాకంటే ఓపిగ్గా కూర్చుంటుంది.

ఇక డిసెంబర్ పోటీ. పాపను అడగండి, వెళ్తానంటే పంపండి. ఫ్లిక్ చోట రౌండాఫ్ నుంచి ఒక ఎగురు, తర్వాత విడిగా బ్యాక్ వాకోవర్ పెట్టమని సార్‌ను ఇప్పుడే అడగండి. నవంబర్ చివర్లో కాదు, ఇప్పుడే, ఎందుకంటే రొటీన్ మార్చాక ఒంటికి పట్టడానికి సమయం కావాలి. ఆ ఎలిమెంట్ పాయింట్లు పోతాయి, పతకం రాకపోవచ్చు. ‘పోటీ రోజు ఊపులో వేసేస్తుందిలే’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఒకవేళ నవంబర్‌లో తనే మ్యాట్ లేకుండా, సార్ దూరంగా నిలబడి ఉండగా, వరసగా రెండు వారాలు వేస్తే అప్పుడు చూద్దాం. అప్పుడు కూడా ఏది వేయాలో పాప నిర్ణయం, వార్మప్ అయ్యాక.

గోడ మీద ఎత్తు గీతలు చూసి ఎంత పెరిగిందో, అకాడమీలో బ్యారెల్ ఉందో లేదో రాయండి. దాన్నిబట్టి మొదటి నెల వారాల వారీగా ఏం అడగాలో చెబుతాను.